రెండున్నర నెలలుగా నెలసరి లేదు: మాత్రలతో తెప్పించుకోవడమా, ఆగడమా?

నీలిగన్నేరు
అందరికీ నమస్కారం. నాకు ఇరవై ఒక్క ఏళ్ళు. పదమూడో ఏట మొదలైనప్పటి నుంచి నెలసరి ఎప్పుడూ కచ్చితంగా వచ్చింది లేదు. ముప్పై అయిదు రోజులకో, నలభైకో వచ్చేది, నేనూ అలవాటు పడిపోయాను. ఈసారి మాత్రం రెండున్నర నెలలు దాటింది. గర్భం వచ్చే అవకాశం లేదు. అయినా మనశ్శాంతి కోసం పరీక్ష చేసుకున్నాను, లేదనే వచ్చింది. నొప్పి లేదు, నీరసం లేదు. గడ్డం కింద మాత్రం గట్టి వెంట్రుకలు మొలుస్తున్నాయి, మొటిమలు ఎంతకీ తగ్గడం లేదు. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో తెలియదు.

హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి ఒక మాత్ర పేరు చెప్పింది. అయిదు రోజులు వేసుకుని ఆపేస్తే వారంలో వచ్చేస్తుందట, తను రెండుసార్లు అలాగే తెప్పించుకుందట. వేసుకోవచ్చా? ఇంకో నెల ఆగి చూడాలా? ఇన్నాళ్ళూ రాలేదంటే లోపల చెడు రక్తం పేరుకుపోతోందేమోనని రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

మూడోవరుసబెంచీ
నాకూ ఇలాగే అయింది. చివరి ఏడాది పరీక్షల ముందు రెండు నెలలు రాలేదు. పరీక్షలయ్యాక అదే వచ్చింది. అంతా ఒత్తిడి వల్లే, కంగారు పడకండి.

పాతకాపు
ఒత్తిడి అనేసి చేతులు దులుపుకోవడం తేలికే. ఒత్తిడి వల్ల ఆలస్యం కావడం నిజమే గానీ, మిగతావన్నీ కాదని తేలాక మాత్రమే ఆ మాట అనాలి. గడ్డం మీద వెంట్రుకలు ఒత్తిడి వల్ల మొలవవు కదా.

నీలిగన్నేరు చెల్లీ, కొన్ని సంగతులు చెప్పు. ఈ ఏడాదిలో బరువు బాగా పెరిగావా, తగ్గావా? మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా మారిందా? తరచూ తలనొప్పి వస్తుందా? చనుమొనల నుంచి పాలలాంటి ద్రవం కారుతోందా? వేరే దేనికైనా మందులు వాడుతున్నావా? ఇంకో మాట, రోజులు ఎక్కడి నుంచి లెక్కపెడుతున్నావు? చాలామంది రక్తస్రావం ఆగిన రోజు నుంచి లెక్కవేసి లేనిపోని కంగారు పడతారు. ఒకసారి మొదలైన రోజు నుంచి మళ్ళీ మొదలైన రోజు వరకు లెక్క. ప్రతినెలా ఒకే తేదీన రావాలన్న నియమం కూడా ఏమీ లేదు.

నీలిగన్నేరు
మొదలైన రోజు నుంచే లెక్కపెట్టాను అక్కా. బరువు పెరిగాను, రెండేళ్ళుగా నెమ్మదిగా పెరుగుతూనే ఉన్నాను. మీరు అడిగాక అద్దంలో చూసుకుంటే మెడ వెనక నిజంగానే నల్లగా ఉంది. ఇన్నాళ్ళూ గొలుసు రాపిడి అనుకుని రుద్ది రుద్ది కడుగుతున్నాను. తలనొప్పి, ద్రవం లాంటివి లేవు. మందులేమీ వాడటం లేదు, జుట్టు ఊడుతోందని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు తప్ప.

డాక్టరమ్మ
నేను గైనకాలజిస్టును. మనిషిని చూడకుండా ఫలానా జబ్బు అని తేల్చను, తేల్చకూడదు కూడా. అయితే నీలిగన్నేరు ప్రశ్నలో రెండు భయాలు ఒకదానిలో ఒకటి చిక్కుకున్నాయి. వాటిని విడదీసి చూద్దాం.

ముందు ఆ చెడు రక్తం సంగతి. నెలసరిలో పోయేది లోపల ఎక్కడో నిలవ ఉన్న రక్తం కాదు, గర్భాశయం లోపల ఆ నెల పెరిగిన పొర. అండాశయంలో అండం ఎదిగేటప్పుడు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఆ పొరను పెంచుతుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ అనే ఇంకో హార్మోన్ దాన్ని నిలబెడుతుంది. గర్భం రాకపోతే ఆ ప్రొజెస్టిరాన్ పడిపోతుంది, పొర విడిపోయి రక్తంతో కలిసి బయటకు వస్తుంది. విడుదలకూ నెలసరికీ మధ్య కాలం అందరిలోనూ కాస్త అటూ ఇటూగా 14 రోజులే. తేడా వచ్చేదంతా అండం ఎదిగే మొదటి భాగంలో. కాబట్టి గర్భం కానప్పుడు నెలసరి ఆలస్యమైందంటే దాదాపు ఎప్పుడూ అర్థం ఒకటే: అండం విడుదల ఆలస్యమైంది, లేదా ఈసారి జరగనే లేదు.

ఇక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది. కొందరిలో అండం విడుదల కాకపోయినా ఈస్ట్రోజెన్ మాత్రం తయారవుతూనే ఉంటుంది. పొర పెరుగుతూ పోతుంది, నిలబెట్టే ప్రొజెస్టిరాన్ రాదు. ఒకనాడు అక్కడింత ఇక్కడింత ఊడటం మొదలై వారాల తరబడి రక్తస్రావం కావచ్చు. పీసీఓఎస్‌లో (పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్, అంటే మగ హార్మోన్లు పెరిగి అండం విడుదల గాడితప్పే స్థితి) జరిగేది ఎక్కువగా ఇదే. ఏళ్ళ తరబడి ఇలాగే వదిలేస్తే ఆ పొర మందంగా, అసహజంగా మారి, కొద్దిమందిలో క్యాన్సర్ వరకు వెళ్ళే ప్రమాదం ఉంది. ఇరవై ఏళ్ళ అమ్మాయిలో ఇది చాలా అరుదు. అయినా ఈ కారణంగానే మూడు నెలలకు ఒకసారైనా ఆ పొర పోయేలా చూస్తాం.

మరికొందరిలో ఈస్ట్రోజెనే తక్కువ. పొర పెరగదు కాబట్టి పోవడానికి లోపల ఏమీ ఉండదు. వీళ్ళకు బెంగ గర్భాశయం గురించి కాదు, ఎముకల గురించి. ఎముక గట్టిపడాల్సిన వయసులోనే ఈస్ట్రోజెన్ లేకపోతే ఆ లోటు తర్వాత పూడ్చుకోవడం కష్టం.

పైకి కనిపించే లక్షణం ఇద్దరిలోనూ ఒక్కటే, నెలసరి రాలేదు. చేయాల్సిన వైద్యానికి మాత్రం పొంతనే లేదు. మందుల దుకాణంలో మాత్ర కొనుక్కోవడంలో నాకున్న అభ్యంతరం ఇదే. మీ స్నేహితురాలు చెప్పింది ప్రొజెస్టిరాన్ రకం మాత్ర అయి ఉంటుంది. దాన్ని మేమూ రాస్తాం, అదేమీ విషం కాదు. ఆపాక సాధారణంగా వారం పది రోజుల్లో రక్తం కనబడుతుంది. అయితే అది మాత్ర ఆపినందుకు వచ్చిన రక్తస్రావం. అండాశయం మళ్ళీ పని మొదలుపెట్టిందనడానికి అది గుర్తు కాదు. మనసు కుదుటపడుతుంది, కారణం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. పైగా పరీక్షలకు ముందే వేసుకుంటే కొన్ని హార్మోన్ల లెక్క తారుమారవుతుంది.

ఎప్పుడు వెళ్ళాలి అంటే, పెద్దవాళ్ళలో 24 నుంచి 38 రోజుల మధ్య ఎప్పుడు వచ్చినా సహజమే. అంతవరకూ సక్రమంగా వచ్చి మూడు నెలలు ఆగిపోయినా, ముందు నుంచీ క్రమం లేనివారికి ఆరు నెలలు రాకపోయినా తప్పనిసరిగా పరీక్షించాలని వైద్యగ్రంథాలు చెబుతాయి. నేను మాత్రం చిన్న వయసు అమ్మాయిల్లో ఒక్కసారి 90 రోజులు దాటినా రమ్మంటాను. నీలిగన్నేరూ, నీకు వెంట్రుకలు, మెడ నల్లబడటం కూడా ఉన్నాయి గనుక ఆ గడువు కోసం కూర్చోవద్దమ్మా, ఈ వారమే వెళ్ళు.

ల్యాబ్‌మనిషి
డాక్టరుగారు చెప్పాక నేను కలపగలిగింది ఒక చిన్న సంగతి. రక్త పరీక్షలు చేసే చోట పనిచేస్తాను. నీలిగన్నేరుగారు బయోటిన్ మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. జుట్టుకని వాడే మాత్రల్లో బయోటిన్ మోతాదు ఎక్కువగా ఉంటుంది. చాలా యంత్రాల్లో హార్మోన్ పరీక్ష జరిగే పద్ధతికి అది అడ్డం పడుతుంది. ఉన్నదానికంటే తక్కువో ఎక్కువో చూపిస్తుంది. లేని థైరాయిడ్ జబ్బు ఉన్నట్టు రిపోర్టు రావడం నేను చూశాను. రక్తం ఇవ్వడానికి కనీసం రెండు రోజుల ముందు ఆపేయండి, మీ డాక్టరుకు కూడా ఆ మాట చెప్పండి.

ప్రొలాక్టిన్, అంటే పాలు తయారుచేయించే హార్మోన్, ఇంకా సున్నితం. నిద్రలేచిన వెంటనే ఎక్కువగా ఉంటుంది, పరుగెత్తుకుంటూ వచ్చినా పెరుగుతుంది, సూది చూసి భయపడినా పెరుగుతుంది. లేచాక రెండు మూడు గంటలు గడిచాక వచ్చి, కాసేపు ప్రశాంతంగా కూర్చుని ఇవ్వండి. కొద్దిగా ఎక్కువ వస్తే కంగారు పడకుండా మరోసారి చేయించుకోవాలి. ఒక్క రిపోర్టు పట్టుకుని దాన్ని పెంచే గడ్డ తలలో ఉందేమోనని ఏడుస్తూ వచ్చినవాళ్ళు ఉన్నారు.

సూటిమాట
ఎందుకండీ ఇంత రామాయణం. వెళ్తే జరిగేది నేను చెబుతాను. స్కానింగ్ రాస్తారు. అండాశయాల్లో నీటిబుడగలు అంటారు. పీసీఓఎస్ అని కాగితం మీద రాసి గర్భనిరోధక మాత్రలు చేతిలో పెడతారు. వేసుకున్నంత కాలం వస్తుంది, ఆపగానే మళ్ళీ మొదటికి. ఏడాదంతా ఇదే నాకు. చివరికి ఎవరో ఇచ్చిన మూలికల పొడి వాడితే మూడు నెలల్లో దానంతటదే వచ్చింది. ఇంక ఆస్పత్రి గడప తొక్కలేదు.

పాతకాపు
ఆ పొడిలో ఏముందో డబ్బా మీద రాసి ఉందా?

సూటిమాట
డబ్బా లేదు, పొట్లం. అయినా సహజమైనవే కదా.

డాక్టరమ్మ
సూటిమాటగారూ, మీ కోపంలో సగం న్యాయం ఉంది. ఆ సగం ముందు ఒప్పుకుంటాను.

స్కానింగ్ ఒక్కటి చూసి పీసీఓఎస్ అనడం తప్పు. పెద్దవాళ్ళలో మూడు అంశాలు చూస్తాం. అండం విడుదల సరిగ్గా లేకపోవడం ఒకటి. మగ హార్మోన్లు ఎక్కువగా ఉన్నట్టు ఒంటి మీద గానీ రక్తంలో గానీ కనిపించడం రెండోది. స్కానింగ్‌లో అండాశయాల తీరు మూడోది. వీటిలో రెండు ఉండాలి, పైగా థైరాయిడ్, ప్రొలాక్టిన్, (మూత్రపిండాల మీదుండే) అడ్రినల్ గ్రంథి సమస్యలు లేవని తేలాలి. 2003లో రోటర్‌డామ్‌లో కుదిరిన లెక్క ఇది. టీనేజీలో మూడోదాన్ని అసలు లెక్కలోకే తీసుకోం. నెలసరి మొదలైన ఎనిమిదేళ్ళ వరకు రోగనిర్ధారణకు స్కానింగ్ మీద ఆధారపడవద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎందుకంటే ఆ వయసులో ఆరోగ్యంగా ఉన్న అండాశయం కూడా అలాగే కనబడుతుంది. ఇక ఆ నీటిబుడగలు. అంచు చుట్టూ ముత్యాల వరుసలా కనిపించేవి జబ్బు గడ్డలు కావు, మధ్యలో ఎదుగుదల ఆగిపోయిన అండపు సంచులు. వాటిని కోసి తీయాల్సిన పనిలేదు, కరిగించాల్సిన పని అంతకన్నా లేదు.

మాత్రల విషయం. గర్భనిరోధక మాత్ర పీసీఓఎస్‌ను నయం చేయదు. మీకు ఆ మాట ముందే చెప్పి ఉండాల్సింది. అది గర్భాశయం పొరను కాపాడుతుంది, మగ హార్మోన్ల ప్రభావం తగ్గించి మొటిమలు, వెంట్రుకలు అదుపులో ఉంచుతుంది. ఆపితే పాత తీరు తిరిగి రావడం మందు విఫలమైనట్టు కాదు. ఆ మందు చేసే పనే అంత. అందరికీ పడదు కూడా. కళ్ళ ముందు మెరుపులు వచ్చే రకం మైగ్రేన్ ఉన్నా, తనకో దగ్గరి రక్తసంబంధీకులకో రక్తనాళాల్లో గడ్డలు కట్టిన చరిత్ర ఉన్నా, రక్తపోటు ఎక్కువున్నా, ముందే చెప్పాలి.

మిగతా సగం దగ్గర మీతో విభేదిస్తాను. పీసీఓఎస్‌లో నెలసరి కొన్ని నెలలు తనంతట తానే వస్తుంది, మళ్ళీ ఆగుతుంది. అందులో పొడి వాటా ఎంతో ఎవరూ చెప్పలేరు. పొట్లంలోని పొడుల్లో సీసం లాంటి లోహాలు బయటపడ్డ సందర్భాలున్నాయి. పని చేస్తున్న పొడిలో హార్మోనే కలిపి ఉండవచ్చు, అప్పుడు మీరు తప్పించుకున్నాననుకున్న మందునే మోతాదు తెలియకుండా తింటున్నట్టు. రక్తపోటు, మధుమేహం పరీక్షలైనా చేయించుకోండి. పీసీఓఎస్ ఉన్నవారికి చిన్న వయసులోనే మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువ.

పరుగులపిచ్చి
డాక్టరుగారు చెప్పిన రెండో దారి నాది. దాని గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

పొడవైన పరుగు పందేలకు సాధన చేసేదాన్ని. తిండి తగ్గించాను, సాధన పెంచాను. బరువు తగ్గుతుంటే చుట్టూ అందరూ మెచ్చుకున్నారు. నెలసరి మొదట పలచబడింది, తర్వాత దూరమైంది, తర్వాత ఆగిపోయింది. మా శిక్షకుడు అది క్రీడాకారిణులకు మామూలే అన్నారు. నిజం చెప్పాలంటే నాకూ సుఖంగానే అనిపించింది, పందెం రోజున ప్యాడ్ బెడద లేదు కదా. తర్వాత ముంజంగ (మోకాలి కింది) ఎముకలో సన్నని పగులు వచ్చింది. పడలేదు, దెబ్బ తగల్లేదు, పరుగెత్తుతూనే వచ్చింది. ఎముకల డాక్టరు నా కాలు వదిలేసి ముందు నెలసరి గురించి అడిగారు.

తమాషా ఏమిటంటే అంతకుముందు ఒకచోట స్కానింగ్ చూసి నాకూ పీసీఓఎస్ అన్నారు. ఇంకా బరువు తగ్గమన్నారు! అప్పటికే నా పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. తర్వాత రక్త పరీక్షల్లో ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ (అండాశయాన్ని నడిపే పిట్యూటరీ హార్మోన్లు), ఈస్ట్రోజెన్ మూడూ అడుగున ఉన్నాయి. శరీరానికి చాలినంత శక్తి అందకపోతే మెదడు ముందుగా పొదుపు చేసేది సంతానోత్పత్తి మీదే అని ఆ డాక్టరు చెప్పారు. మెదడులోని హైపోథలామస్ నుంచి సంకేతాలు మందగిస్తే దాని కింది పిట్యూటరీ గ్రంథి ఊరుకుంటుంది, పిట్యూటరీ ఊరుకుంటే అండాశయం ఊరుకుంటుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి ప్రత్యేకంగా పేరు పెట్టి హెచ్చరించిందట, మగవాళ్ళకూ వర్తిస్తుందట.

నాకు మాత్రలు ఇవ్వలేదు. తిండి పెంచమన్నారు, సాధన తగ్గించమన్నారు, మనసు గురించి మాట్లాడటానికి ఒక కౌన్సెలర్ దగ్గరకు పంపారు. నిజానికి కష్టమైంది అదే. పరుగు మానడం కంటే పళ్ళెంలో ఇంకొంచెం వడ్డించుకోవడం కష్టం. నెలసరి తిరిగి రావడానికి చాలా నెలలు పట్టింది.

డాక్టరమ్మ
పరుగులపిచ్చి చెప్పినదాంట్లో ఒక మెలిక ఉంది, అది అందరికీ పనికొస్తుంది. ఈ రకంలో కూడా స్కానింగ్‌లో అండాశయాలు పీసీఓఎస్ మాదిరే కనిపించవచ్చు. కారణం తెలుసుకోకుండా బరువు తగ్గమనే సలహా ఇచ్చేస్తే ఒకరికి మందు, ఇంకొకరికి గాయం. గర్భనిరోధక మాత్రతో వీళ్ళకూ నెలనెలా రక్తం కనబడుతుంది, అంతా సర్దుకుందని అందరూ నమ్ముతారు. లోపల ఎముక మాత్రం కోలుకోదు. క్రీడాకారిణి కాకపోయినా, కడుపు మాడ్చుకుని బరువు తగ్గుతున్న ఏ అమ్మాయికైనా ఇది రావచ్చు. బరువు చూడటానికి మామూలుగా ఉన్నా రావచ్చు.

తీరికలేనిఅమ్మ
డాక్టరుగారూ, మా పాపకు పద్నాలుగు. మొదలై ఏడాది అయింది. ఒకసారి ఇరవై అయిదు రోజులకు వస్తే ఇంకోసారి నలభై దాటుతుంది. ఇప్పుడే పరీక్షలు చేయించాలా? అలాగే మా అక్క కూతురికి పదహారు నిండబోతున్నా అసలు మొదలే కాలేదు. వాళ్ళింట్లో అందరికీ ఆలస్యమే అని తేలిగ్గా తీసుకుంటున్నారు. ఆ పిల్ల నెలకోసారి కడుపు నొప్పి అంటుంది.

డాక్టరమ్మ
మీ పాప సంగతి ముందు. మొదటి ఏడాది రెండేళ్ళు మెదడుకూ అండాశయానికీ మధ్య సంకేతాలు ఇంకా కుదురుకుంటూ ఉంటాయి. మొదటి ఏడాది దాటాక మూడో ఏడాది వరకు 21 నుంచి 45 రోజుల మధ్య రావడం సహజం. రాసిపెట్టుకోమనండి, అంతే. 90 రోజులు దాటినా, ఏడు రోజులకు మించి రక్తస్రావం సాగినా, గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా తీసుకురండి. మొదటి నెలసరి నుంచే అంత ఎక్కువగా పోయే పిల్లల్లో రక్తం గడ్డకట్టడంలో లోపం ఉందేమో చూడాలి.

మీ అక్కగారి అమ్మాయిని మాత్రం ఆలస్యం చేయకుండా చూపించమనండి. 15 నిండినా మొదలు కాకపోతే పరీక్షించాలి. రొమ్ముల ఎదుగుదల మొదలై మూడేళ్ళు దాటినా, 13 ఏళ్ళకు ఆ ఎదుగుదలే కనిపించకపోయినా అంతే. ఇంట్లో అందరికీ ఆలస్యమే అన్నది ఒక ఆధారమే గానీ సమాధానం కాదు. నెలనెలా నొప్పి ఉందన్నారు కదా, ఈ చర్చలో నన్ను నిజంగా నిలబెట్టిన మాట అది. కొందరు పిల్లల్లో యోనిద్వారం దగ్గరి పొర పూర్తిగా మూసుకుని ఉంటుంది. నెలసరి వస్తూనే ఉంటుంది, బయటకు దారి ఉండదు. నీలిగన్నేరు భయపడినట్టు రక్తం నిజంగా లోపల పేరుకునే సందర్భం ఇలాంటి అడ్డంకి ఉన్నప్పుడే. చిన్న శస్త్రచికిత్సతో సరిపోతుంది. మూత్రం బంద్ అయ్యేదాకా రానివ్వకూడదు.

తీరికలేనిఅమ్మ
ఇప్పుడే మా అక్కకు ఫోన్ చేశాను. ఈ వారాంతంలో తీసుకెళ్తానంది.

నీలిగన్నేరు
వెళ్ళి వచ్చాను. కాస్త ఆలస్యంగా రాస్తున్నాను, రిపోర్టులన్నీ చేతికి రావాలని ఆగాను. బయోటిన్ ఆపి వెళ్ళాను. థైరాయిడ్ మామూలుగానే ఉంది. ప్రొలాక్టిన్ మొదట కొద్దిగా ఎక్కువ వచ్చింది, ల్యాబ్‌మనిషిగారి మాట గుర్తుండటం వల్ల కంగారు పడలేదు. మళ్ళీ చేస్తే సాధారణమే. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ ఎక్కువగా ఉంది. అడ్రినల్ గ్రంథి కోసం చేసిన పరీక్షలో ఏమీ లేదు. గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు చేసిన పరీక్షలో చక్కెర మధుమేహం దాకా పోలేదు గానీ ఉండాల్సినదానికంటే ఎక్కువే. పీసీఓఎస్ అన్నారు. మా డాక్టరు మెడ చూసి నవ్వి, ఇక రుద్దకమ్మా, అది మురికి కాదు, ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువవడం వల్ల వచ్చిన నలుపు అన్నారు.

చివరికి మా గది అమ్మాయి చెప్పిన రకం మాత్రే ఇచ్చారు, కాకపోతే మళ్ళీ ఒకసారి గర్భ పరీక్ష చేశాక, పది రోజులకు. ఆపిన నాలుగైదు రోజులకు వచ్చింది. చాలా ఎక్కువగా వచ్చింది. ఇప్పుడు నా ముందు రెండు దారులు పెట్టారు, గర్భనిరోధక మాత్ర గానీ, చక్కెరను అదుపుచేసే మెట్‌ఫార్మిన్‌తో పాటు మూడు నెలలకోసారి ఈ మాత్ర గానీ. ఆలోచించుకుని రమ్మన్నారు. బరువు తగ్గితే అన్నీ పోతాయా? ముందు ముందు పిల్లలు పుట్టరా? ఆ రెండో ప్రశ్న అక్కడ అడగలేకపోయాను, అమ్మ పక్కనే ఉంది.

డాక్టరమ్మ
నీ వైద్యం మంచి చేతుల్లో ఉంది. ఆ రెండు దారుల్లో ఏదైనా సరే. మొటిమలు, వెంట్రుకలు నిన్ను ఎక్కువ బాధిస్తుంటే మొదటిది, చక్కెర బెంగ ఎక్కువైతే రెండోది అని నేనైతే అడుగుతాను. రెండూ కలిపి కూడా ఇస్తాం. వెంట్రుకలు తగ్గడానికి మాత్రం ఆరు నెలలైనా ఓపిక పట్టాలి. మొలిచినవి మందుతో రాలిపోవు, కొత్తవి పలచబడతాయి.

బరువు గురించి. ఇప్పుడున్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా కొందరిలో అండం విడుదల తిరిగి మొదలవుతుంది. అందరిలోనూ కాదు. సన్నగా ఉన్నవాళ్ళకూ పీసీఓఎస్ ఉంటుంది. బరువు కదలకపోయినా వ్యాయామం వల్ల ఇన్సులిన్ పనితీరు మెరుగవుతుంది, కాబట్టి తూకం చూసి నిరాశపడి మానేయకు.

పిల్లల సంగతి. పుడతారు. పీసీఓఎస్ ఉన్నవారిలో చాలామందికి పుడుతున్నారు, కొందరికి అండం విడుదలకు మాత్రలు అవసరమవుతాయి, అంతే. దీనికి రెండో వైపు కూడా ఉంది. నెలసరి సరిగ్గా రానంతమాత్రాన గర్భం రాదనుకోవద్దు. ఎప్పుడు విడుదలవుతుందో తెలియని అండం ఏ రోజైనా విడుదల కావచ్చు. ఇలాంటి ప్రశ్నలు ఉన్నప్పుడు కాసేపు ఒంటరిగా మాట్లాడాలని డాక్టరును అడగవచ్చు. మేం తప్పుపట్టం, పైగా అలా అడిగితే మాకూ తేలిక.

మూడోవరుసబెంచీ
మరి అత్యవసర గర్భనిరోధక మాత్ర వేసుకుంటే కూడా తేదీలు మారతాయా? స్నేహితురాలి కోసం అడుగుతున్నాను.

పాతకాపు
స్నేహితురాలికి చెప్పండి, మారతాయి. వారం ముందు రావచ్చు, వారం ఆలస్యం కావచ్చు. అనుకున్న తేదీకి వారం దాటినా రాకపోతే గర్భ పరీక్ష చేసుకోవాలి. పొద్దున లేవగానే పోసే మూత్రంతో చేసుకుంటే నయం. లేదని వచ్చి, నెలసరి ఇంకా రాకపోతే వారానికి మరోసారి చేసుకోవాలి.

వేకువ
ఈ చర్చ మొత్తం చదివాను. నాకు ఇరవై నాలుగు. ఆరు నెలలుగా రాలేదు. డాక్టరు దగ్గరకు వెళ్ళకుండా ఆ పది రోజుల మాత్రలు నేనే కొని వేసుకున్నాను. ఆపి మూడు వారాలైంది, ఒక్క చుక్క కూడా కనిపించలేదు. ఇంకో పది రోజులు వేసుకుంటే వస్తుందా? ఈ మధ్య తలనొప్పి కూడా ఎక్కువైంది. చదువు ఒత్తిడి అనుకుంటున్నాను.

డాక్టరమ్మ
ఇంకో పది రోజులు వద్దు వేకువా. ఆ మాత్రకు రక్తం రాకపోవడం కూడా మాకొక సమాచారమే. ముందు గర్భం కాదని తేల్చుకోవాలి. కాకపోతే, పోవడానికి లోపల పొరే లేదేమో, అంటే ఈస్ట్రోజెన్ తక్కువగా ఉందేమో చూడాలి. ఎఫ్‌ఎస్‌హెచ్, ఈస్ట్రడయోల్ (ఈస్ట్రోజెన్లలో ముఖ్యమైనది), ప్రొలాక్టిన్, థైరాయిడ్ చేయిస్తారు. గతంలో గర్భాశయం లోపల శుభ్రం చేసే చికిత్స ఏదైనా జరిగి ఉంటే దాచకుండా చెప్పు, అప్పుడు వెతికే చోటు మారుతుంది. మానసిక వైద్యానికో, వాంతులకో వాడే కొన్ని మందులు ప్రొలాక్టిన్‌ను పెంచుతాయి, కాబట్టి వాడుతున్న మందులన్నీ వెంట తీసుకెళ్ళు.

తలనొప్పి మాట మాత్రం వెళ్ళగానే మొదట చెప్పు, చివర్లో కాదు. ఒక కన్ను మూసి మరో కంటితో ఎదురుగా చూస్తే పక్కల నుంచి వచ్చేవి సరిగ్గా కనబడకుండా పోతున్నాయా? చనుమొనల నుంచి ద్రవం వస్తోందా? ఈ రెండిటిలో ఏ ఒక్కదానికి అవును అన్నా రేపటి దాకా ఆగకు.

వేకువ
ద్రవం వస్తోంది. బట్టల రాపిడి అనుకున్నాను. చూపు బాగానే ఉన్నట్టుంది. ఇప్పుడే బయలుదేరుతున్నాను.

డాక్టరమ్మ
వెళ్ళు. భయపడే జబ్బు కాకపోవచ్చు, ప్రొలాక్టిన్ పెంచే చిన్న గడ్డలు చాలావరకు మాత్రలతోనే అదుపులోకి వస్తాయి. ఆ పది రోజుల మాత్ర పేరు, ఆపిన తేదీ కాగితం మీద రాసి చేతికివ్వు.